మన దేశంలో ఇంకా రాని ఆట

లక్ష్మణ్ బోరు లారీ మీద పనిచేసేవాడు. ఉప్పునుంతలలో ఇల్లూ కొంత మెట్ట చేనూ ఉన్నా, వానలు మొహం చాటేసిన ఏళ్లలో ఇల్లు నడిచింది ఆ లారీ పనితోనే. గట్టు అనే ఊరి దగ్గర ఒక చేనులో బోరు వేస్తుండగా లారీ మీది నుంచి వెల్లకిలా పడ్డాడు. వెన్ను విరిగింది. నడుము కింద స్పర్శ పోయింది. అప్పటికి పెళ్లయి ఏడాది కూడా నిండలేదు.

భార్య సరిత ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. మొదట్లో చూడడానికి వచ్చినవాళ్లు మెల్లమెల్లగా రావడం మానేశారు. మానకుండా వచ్చింది అశోక్ ఒక్కడే. లక్ష్మణ్‌తో కలిసి చదువుకున్నవాడు, వనపర్తిలో ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఒక ఆదివారం పాత వీడియో గేమ్ పెట్టె తెచ్చి టీవీకి తగిలించాడు.

"పండుకొని పైకప్పు జూస్తుంటే పిచ్చి లేస్తదిరా. గిది ఆడు" అన్నాడు.

"పెండ్లయినోడు పోరగాండ్ల లెక్క ఆటలాడుడేంది?" అని తల్లి తిమ్మమ్మ గొణిగింది. ఆ సాయంత్రం లోపలి నుంచి కొడుకు నవ్వు వినబడింది. పడిపోయాక అతను నవ్వడం అదే మొదలు. ఆమె మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ పెట్టెలో ఎన్నో ఆటలున్నా లక్ష్మణ్ ఒక్కదానికే అలవాటు పడ్డాడు. అందులో ఒక ముసలివాడు తప్పిపోయిన కూతురిని వెతుక్కుంటూ మంచుకొండల్లో నడుస్తాడు. కొట్లాటలు లేవు. నడవాలి, చలికి నెగడు వేసుకోవాలి, మళ్లీ నడవాలి.

"ఇయ్యాల శాన దూరం నడిచిన" అనేవాడు లక్ష్మణ్. మిషన్ తొక్కుతున్న సరితకు మొదట్లో ఆ మాట గుండెలో గుచ్చుకునేది. తర్వాత తనే అడగసాగింది: "ఏడిదాక వోయినవ్?"

ఆట మొదటి భాగం ఒక విరిగిన వంతెన దగ్గర ఆగిపోయింది. అవతలి ఒడ్డు నుంచి కూతురి గొంతు వినబడుతుంది, అంతే. రెండో భాగం వస్తుందని కంపెనీ ప్రకటించిన రోజుల్లోనే లక్ష్మణ్ మూత్రపిండాలు చెడిపోయాయని తేలింది. నాగర్‌కర్నూల్ దవాఖానకు తిరగడం, మిషన్ మీద రక్తం శుద్ధి చేయించుకోవడం మొదలైంది.

చెప్పిన రోజుకే రెండో భాగం బయటి దేశాల్లో విడుదలైంది. ఇక్కడ మాత్రం టీవీ తెర మీద ఒకటే వాక్యం: మీ ప్రాంతంలో ఇంకా అందుబాటులో లేదు.

"మన దేశంల పర్మిషన్ ఏందో ఆగిందంటరా. ఎప్పుడొస్తదో కంపెనీ సుత చెప్తలేదు" అన్నాడు అశోక్. వేరే దేశం పేరుతో ఖాతా తెరవబోయాడు. ఇక్కడి బ్యాంకు కార్డు అక్కడ చెల్లలేదు.

"ఆట గుడ మన దిక్కు రానీకె ఎనకాముందాడుతదారా?" అని లక్ష్మణ్ నవ్వాడు.

"అమెరికోల్లు ఆడి అయిపోగొట్టిన్రు. ఫోన్ల మొత్తం వీడియో ఉంది. జూస్తవా?"

"వద్దు. నా చేత్తోని నేనే పోత."

ఎండలు ముదిరేసరికి ఆ చేతులూ వణకసాగాయి. ఒకరోజు దవాఖానకు పోతూ ఆటోలో అన్నాడు. "సరితా, ఆ వీడియో నువ్వు జూసి నాకు చెప్పు."

"నువ్వే జూడొచ్చు గద?"

"జూస్తే ఇంకెవడో నడిచినట్టుంటది. నువ్వు చెప్తే నేను నడిచినట్టుంటది."

ఆమె పనయ్యాక ఆ వీడియో కొంచెం కొంచెం చూసింది. తెలియని ఇంగ్లీషు మాటలకు అశోక్‌కు ఫోన్ చేసి అర్థం అడిగింది. దవాఖానలో మంచం పక్కన కూర్చుని చెప్పేది. మంచు ఆమె ఎన్నడూ చూడలేదు. "పగిలిన పత్తిచేను లెక్క తెల్లగుంటది. కాని కాలు వెడితే మోకాలిదాక దిగబడుతది" అని చెప్పింది. పక్క మంచం మీద తిమ్మాజిపేట మాసయ్య అనే పెద్దాయన ఉండేవాడు. ఆయనా చెవి ఒగ్గి వినేవాడు. వాళ్లు రాగానే, "మొన్న ఏడ ఆగింది బిడ్డా?" అని ఆయనే అడిగేవాడు.

చివరకు ముసలివాడు కూతురున్న గుడిసె చేరుతాడు. గుడిసె ఖాళీ. పొయ్యి చల్లారి చాలా రోజులైంది. అతను ఆ పొయ్యి రాజేసి దాని ముందు కూర్చుంటాడు. అక్కడితో ఆట అయిపోతుంది.

సరితకు అది చెప్పడానికి నోరు రాలేదు. "తలుపు తీసింది, బిడ్డ ఉంది, ఉరికొచ్చి పట్టుకుంది" అంది.

లక్ష్మణ్ ఆమె మొహం చూశాడు. "అబద్ధం జెప్తున్నవ్."

"నీకెట్ల ఎరుక?"

"ఇన్ని దినాలు నింపాదిగ చెప్పినవ్. గిప్పుడు ఉరుకుతున్నవ్."

ఆమె ఏడుస్తూనే ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మాసయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"అయితేమాయె," అన్నాడు లక్ష్మణ్. "గుడిసెదాక నడిచిండు గద."

బతుకమ్మ పండుగ ఇంకా రాకముందే లక్ష్మణ్ పోయాడు.

చలికాలంలో ఆ ఆట మన దేశంలో విడుదలైంది. అశోక్ ఫోన్ చేశాడు. "చెల్లే, ఆ ఆట..." అని ఆగిపోయాడు.

"వచ్చి పెట్టు అన్నా" అంది సరిత.

అశోక్ వచ్చి ఆట పెట్టి పోయాడు. ఆమె అంతకుముందు ఎప్పుడూ ఆట ఆడే రిమోట్ పట్టలేదు. ముసలివాడు రాళ్లకు కొట్టుకుంటూ, వెనక్కి నడుస్తూ ఎలాగో అడవి దాటాడు. అక్కడ ఆమె చెయ్యి తప్పి అతను పక్కకు దిగిపోయాడు. కింద చిన్న లోయ. వేడినీటి ఊట నుంచి పొగలు లేస్తున్నాయి. రెండు జింకలు నీళ్లు తాగుతున్నాయి. వీడియోలో ఆడినవాడు ఇటు రానే లేదు.

"ఏమయ్యా, గిటు గుడ తొవ్వ ఉంది!" అంది పైకే.

వాకిట్లో పల్లీలు ఒలుస్తున్న తిమ్మమ్మ ఆ మాట విని లోపలికి వచ్చింది. కోడలి పక్కన కింద కూర్చుని తెర వైపు చూసింది.

"గిది వాడు జూసిండా బిడ్డా?"

"లేదత్తమ్మా. నేను సుత చెప్పలే. నాకే తెల్వకుండె."

తిమ్మమ్మ ఆ నీళ్లను చూస్తూ, చూస్తూ, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సరిత రిమోట్ నేల మీద పెట్టి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. నడిపించే చెయ్యి లేక ముసలివాడు ఆ ఊట పక్కనే నిలబడిపోయాడు.