నా తలలో నీటి బుడగ

మంచిర్యాల నుంచి కరీంనగర్ వెళ్ళే బస్సులో నేను కండక్టర్‌ని. మా ఇల్లు శ్రీరాంపూర్ కాలనీలో. మా ఆయన బొగ్గుబావిలో, భూమి లోపల పనిచేస్తాడు.

ఆ రోజు సుల్తానాబాద్ దాటాక ఒక బర్రె రోడ్డుకు అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. నా ఒక చేతిలో టికెట్ మిషను, రెండో చేతిలో ఉచిత టికెట్ కోసం ఒక ముసలమ్మ ఇచ్చిన ఆధార్ కార్డు. కడ్డీ పట్టుకోవడానికి చేయి ఖాళీ లేదు. నుదురు వెళ్ళి ఆ కడ్డీకే కొట్టుకుంది. అంత రక్తంలోనూ నేను ఆమె కార్డు మాత్రం వదల్లేదని తర్వాత చెప్పారు.

కరీంనగర్ ఆసుపత్రిలో నాలుగు కుట్లు వేశారు. రెండుసార్లు వాంతి అయిందని తలకు స్కానింగ్ తీశారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు, “ఎముక విరగలేదు, రక్తం గడ్డకట్టలేదు” అన్నాడు. కబురు తెలిసి వచ్చిన మా ఆయన ఊపిరి పీల్చుకునేలోపే, “లోపల, ఎడమ చెవి పైన చిన్న సిస్టు కనిపించింది. ఈ దెబ్బతో దానికి సంబంధం లేదు. ఒకసారి న్యూరో డాక్టరుకు చూపించుకోండి” అన్నాడు. ఇంతలో పక్క మంచం మీదికి ఇంకెవరినో తెచ్చారు. అటు వెళ్ళిపోయాడు.

న్యూరో డాక్టరు దగ్గర వారం తర్వాత గానీ నంబరు దొరకలేదు.

ఇంటికి రాగానే మా అత్తమ్మ అడిగింది. “సిస్టు అంటే ఏంది బిడ్డా?”

“నీళ్ళ బుడగట అత్తమ్మా.”

పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. నా పప్పుచారును ఆమె ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. అలాంటి మనిషి మర్నాటి నుంచి నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. కింద పడ్డ గరిటె తీయబోతే, “వంగకు, గా బుడగ కదుల్తది” అని అరిచింది. దువ్వెన తగిలితే ఏమవుతుందోనని వేళ్ళతోనే చిక్కులు తీసి జడ వేసింది. నన్ను కన్న మా అవ్వ పోయాక నా జుట్టులో ఇంకొకరి వేళ్ళు కదలడం అదే మొదలు. నవ్వబోయి ఏడ్చేశాను.

మా ఆయనైతే మాట్లాడేటప్పుడు నా ముఖం కాకుండా చెవి పైభాగం చూసేవాడు. ఒక సాయంత్రం షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, నా పక్కన కూర్చుని అక్కడ అరచెయ్యి ఆనించాడు.

“నొస్తుందా?”

“లేదు.”

“నొస్తే చెప్పు. దాపెట్టకు.”

నేను ఫోన్లో వెతికాను. రెండు పేజీలు చదివేసరికి నాకు లేని జబ్బులన్నీ ఉన్నట్టు అనిపించింది. మూసేశాను.

న్యూరో డాక్టరు మా వయసు ఆవిడే. ఫిల్మును వెలుగుకు పెట్టి ఎడమ చెవి పైన గోళీకాయంత నల్లటి మచ్చ చూపించింది. “ఇది గడ్డ కాదు, క్యాన్సర్ కాదు. పుట్టుకతోనే ఉన్నట్టున్నది” అంది.

అప్పుడు మా ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. “మేడం, గా బుడగ గోడ ఎంత మందం ఉంటది?”

ఆవిడకు అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు.

“బాయిల మేము బొగ్గు తీస్తుంటే, అవుతల ఎన్నడో పనిచేసి ఇడిచిపెట్టిన జాగల నీళ్ళు నిండి ఉంటయి మేడం. నడుమ గోడ పల్చగున్నదని తెల్వక కొడితే, నీళ్ళన్నీ ఒక్కసారే మీద పడ్తయి. మనిషి బయటపడడు.” ఫిల్ములోని మచ్చ వైపు వేలు చూపించాడు. “గందుకే అడిగిన.”

ఆవిడ పెన్ను కింద పెట్టింది.

“మీ బాయిల ఒకదిక్కు నీళ్ళు, ఒకదిక్కు మనుషులు ఉంటరు. ఇక్కడ అట్ల కాదు. మెదడు ఎప్పుడూ నీళ్ళలనే ఉంటది. బుడగ లోపలున్నవీ, బయటున్నవీ ఒకే తీరు నీళ్ళు. తల్లి కడుపుల ఉన్నప్పుడే మెదడు మీది పొర ఒక దగ్గర రెండుగ విడిపోయి, నడుమ ఇన్ని నీళ్ళు నిలిచినయి. ఈమె మెదడు దాని పక్కనే సర్దుకొని పెరిగింది.”

“మరి పగులదా?”

“పగులుడు శానా తక్కువ. మొన్న గంత దెబ్బ తగిలినా ఏం కాలేదు గద. మందులు అక్కరలేదు, ఆపరేషన్ అక్కరలేదు. తలనొప్పి తగ్గకుండ వాంతులైనా, ఫిట్స్ వచ్చినా, చూపు మసకబారినా వెంటనే రండి. ఏడాదికి ఎమ్మారై తీసి చూద్దాం.”

“గంత ఫికర్ లేనిదైతే మరి నాకెందుకు చెప్పిండ్రు మేడం?” అన్నాను. కాస్త కోపంగానే అన్నాను.

“కనబడ్డంక చెప్పకుండ ఎట్ల ఉంటం? దెబ్బ తగలకపోతే మీకు ఎన్నటికీ తెలిసేదే కాదు.”

బయటికి వచ్చాక మా ఆయన నల్లా దగ్గర చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. కొంగు అందించాను. పద్దెనిమిదేళ్ళుగా రోజూ ఆ నీళ్ళ పక్కకే వెళ్ళి వస్తున్నాడు. నాకు ఒక్క మాట తెలియదు.

“గీ ముచ్చట ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?”

“చెప్తే నువ్వు రాత్రి కండ్లు మూసి పండుతవా?” అన్నాడు.

ఇంటికొచ్చి విషయం చెబితే అత్తమ్మ నోరు తెరిచింది. “పుట్టినప్పటి సంది ఉన్నదా? అయితే మేము పిల్లను సూడవచ్చినప్పుడు గూడ ఉన్నట్టే గద! మీవోళ్ళు ఒక్కరు చెప్పకపోతిరి!” ముగ్గురం పగలబడి నవ్వాం. మర్నాడు పప్పుచారు నన్నే చేయమంది. ఉప్పు ఎక్కువైందని కూడా చెప్పింది.

ఏడాది తర్వాత తీసిన ఎమ్మారైలో బుడగ అంతే ఉంది. వెంట్రుకవాసి కూడా పెరగలేదు. ఇక నొప్పి వస్తే తప్ప రావద్దని డాక్టరమ్మ పంపించేసింది.

ఆ ఏడాదిలో నాకు బాగా గుర్తున్నది మాత్రం మళ్ళీ డ్యూటీలో చేరాక వచ్చిన మొదటి ఆదివారం. మంచిర్యాల బస్టాండులో మా ఆయన ఇస్త్రీ చొక్కాతో నా బస్సెక్కి చివరి సీట్లో కూర్చున్నాడు. ఇంట్లో నాకు ఒక్క మాట చెప్పలేదు.

“ఎక్కడికి?” అన్నాను.

“కరీంనగర్.”

“ఏం పని?”

“పనేం లేదు. టికెట్ కొట్టు.”

దారంతా నన్నే చూస్తూ కూర్చున్నాడు. డ్రైవరు వేగం తగ్గించిన ప్రతిసారీ సగం లేచి నిలబడ్డాడు. కరీంనగర్‌లో ఇద్దరం చాయ్ తాగాం. మళ్ళీ అదే బస్సులో తిరిగి బయల్దేరాం. పెద్దపల్లి దాటేసరికి అలసిపోయి నోరు తెరుచుకుని నిద్రపోయాడు. తల కిటికీకి కొట్టుకుంటుంటే నా తువ్వాల మడిచి మధ్యలో పెట్టాను.

పక్క సీటు పెద్దాయన, “గీయన దిగే స్టేజీ పోతదేమో, లేపు బిడ్డా” అన్నాడు.

“లేపకుండ్రి” అన్నాను. “మా ఇంటాయన. ఆఖరు దాక వస్తడు.”