రెక్క మీది ముడి

చిక్కడపల్లిలో సోఫా కవర్లు కుట్టే ప్రహ్లాద్ బొటనవేలు ఎప్పుడూ ఊరికే ఉండదు. నారాయణగూడ బస్సులో పక్కవాడి భుజం మీది కుట్టును కూడా తడిమి చూస్తుంది. ఎవరైనా గుర్రుగా చూస్తే "అలవాటు సార్" అని చేయి వెనక్కి తీసుకుంటాడు. అతని పనితనం విని, రెండో ప్రపంచ యుద్ధం నాటి గుడ్డ రెక్కల విమానాన్ని బాగుచేస్తున్నవాళ్లు దాని రెక్కకు గుడ్డ కుట్టే పని ఇచ్చారు. ప్రతి కుట్టుకూ ఒక ముడి వేయాలి; ఒక్కటి వదిలినా గాలిలో గుడ్డ ఊడి లేచిపోవచ్చు. ఒకచోట ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చాక అక్కడ ముడి వేశాడో లేదో అతనికి గుర్తులేదు. ఇంజనీరు చూసి బాగుందన్నాడు, ముడుల మీద గుడ్డ పట్టీ అంటించి రంగు వేసేశారు. ప్రహ్లాద్ ఆ సంగతి చెప్పకుండానే సూదీ దారం సర్దుకున్నాడు.

ప్రదర్శన రోజున ఆ విమానం గాలిలోకి లేచింది. జనమంతా పైకి చూస్తుంటే అతను తల వంచుకుని తన చొక్కా అంచునే తడుముతూ నిలబడ్డాడు. ఇంజన్ చప్పుడు కాస్త మారినా ఆ అంచును పిడికిట్లో నలిపేవాడు. ఎట్టకేలకు చక్రాలు నేలను తాకాయి. పైలట్ నవ్వుతూ దిగి, "మాస్టర్, వెనక సీటు మీదే. ఇంకో చుట్టు తిరిగొద్దాం" అన్నాడు.

"ఎక్కు మరి, నువ్వు కుట్టిందే గదా" అంది భార్య దమయంతి, ఫోటో తీయడానికి ఫోన్ పైకెత్తి. "మంది బట్టలన్నీ తడుముతవు, నీ కుట్టంటే భయమా?"

ప్రహ్లాద్ రెక్క దగ్గరికి నడిచాడు. పట్టీ కింద మిరియపు గింజల్లా తగులుతున్న ముడులను ఒక్కొక్కటిగా తడుముకుంటూ పోయాడు. ఫోన్ మోగిన చోట వేలు ఆగింది. అక్కడ గుడ్డ నున్నగా ఉంది.

"సార్, దీన్ని మళ్ల లేపకుండ్రి" అన్నాడు. "ఒక ముడి నేను వెయ్యలే."