ఆమెకు ఇవ్వని రొట్టె నాకిచ్చారు

ప్రభువునందు ప్రియ సహోదరులారా! తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల గుంటల మీద పనిచేస్తూ, ఆదివారం ఆరాధనలో తబలా వాయిస్తూ, ఆ చేతులతోనే ఒక స్త్రీ బతుకును బజారుపాలు చేసినవాణ్ణి నేను.

మా సంఘంలోని ఒక సహోదరితో నాకు పెళ్లి నిశ్చయమైంది. ఆమె పేరు చెప్పే హక్కు నాకు లేదు. కట్టుకోబోయేవాడినని నమ్మి ఆమె పంపిన, పరాయివాళ్లు చూడకూడని ఫొటో ఒకటి నా ఫోన్లో ఉంది. గంటగంటకూ ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు అని వేధించే నా అనుమానాన్ని భరించలేక ఆమె పెళ్లి వద్దన్నది. ఆ మధ్యాహ్నమే ఆ ఫొటోను గుంటల మీది మగవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను!

అవమానానికి బదులు తీర్చుకున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం నిజమే. మేత షెడ్డులో వాళ్లు, "ఏందన్నా, ఇంత మొనగాడివని చెప్పనే లేదే! ఇంకా ఉండాయా?" అని నవ్వుతుంటే, వద్దనిపించుకున్నవాణ్ణి ఒక్కసారిగా గొప్పవాణ్ణయిపోయాను, ఆ నవ్వు తాగుడులా పట్టుకుంది. ఫొటోలో ఉన్నది ఏడ్చే మనిషి అని తలచుకుంటే ఆ మత్తు దిగిపోతుంది, అందుకే తలచుకోలేదు.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, ప్రభువును తలచుకుని అందరం రొట్టె పంచుకుంటాం. పాపంలో ఉన్నారని పెద్దలు తలచినవారిని ఆ రోజు రొట్టె ఇవ్వకుండా చాప మీద నుండి లేపి వెనక నిలబెడతారు. ఆ ఫొటో చేతులు మారి పెద్దల దాకా వచ్చింది, ఆమెను లేపారు! ఎవరో నా ఫోన్ తీసి పంపారని నేనంటే నమ్మి, పెళ్లి చెడినవాడని జాలిపడి, నా తల మీద చేతులుంచి ప్రార్థించి నాకు రొట్టె ఇచ్చారు. తిన్నాను, సహోదరులారా!

మరుసటి నెల బల్లకు ఆమె రాలేదు. ఆమె తల్లి వెనక నిలబడి గొంతెత్తి ప్రార్థించింది: "ప్రభువా, నా బిడ్డ అన్నం మానేసింది. పంపినోడి మీద నిప్పులు పొయ్యమని అడగను. వాడి నోటితోనే చెప్పించు తండ్రీ!"

అరచేతిలో రొట్టె ఉంది, నోటి దాకా చెయ్యి లేవలేదు. లేచి, "నేనే పంపాను" అన్నాను.

"కూర్చో నాయనా, లోపల మాట్లాడుకుందాం, సంఘం పరువు పోతుంది" అన్నారు మా పాస్టరు అయ్యగారు.

"పోనీయండయ్యా! నా బిడ్డ పరువు తీసినప్పుడు లోపలే మాట్లాడినారా?" అన్నది ఆ తల్లి.

అక్కడి నుండి నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఫోన్ అప్పగించాను, గ్రూపులోని వారందరి పేర్లూ చెప్పాను. పని పోయింది, కేసు నడుస్తోంది. పెద్దలు ఆమె ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నారు. ఆమె మాత్రం తిరిగి రాలేదు, ఇప్పుడు సూళ్లూరుపేటలో వేరే సంఘానికి వెళ్తోంది. క్షమించమని నేను ఆమె గడప తొక్కలేదు, ఆ భారం కూడా ఆమె మీద వేయకూడదు. కానీ ఆ నవ్వు కోసం నాలో ఉన్న దాహాన్ని ప్రభువు తీసేశాడు, హల్లెలూయా!

తమ్ముళ్లారా, మీలో ఎవరైనా ఇలాంటి పని చేసి ఉంటే, చేయించుకునే ప్రార్థన కంటే ముందు నిజం చెప్పండి. శిక్ష వస్తుంది, రానివ్వండి, ప్రభువు మీ పక్కన నిలబడతాడు, ఆయనను నమ్మండి! మొన్న కోర్టు వాయిదాకు వెళ్తే ఆమె నా వైపు సూటిగా చూసింది, చూడలేకపోయినవాణ్ణి నేను. ఆమె తల ఎత్తిన దేవునికే మహిమ!