నీడ మాకు, నీళ్ళు పాపాయమ్మకు

పాపాయమ్మ ఇల్లు మా వీధి చివర, మా ఇంటి తరవాతిది. ఆమె పెళ్ళై వచ్చేనాటికి ఆ ఇంటికి వీధిలోంచి రెండు మెట్లు ఎక్కాలట. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది వేశారు. నాకు ఊహ తెలిసేసరికి ఆ ఇంట్లోకి రెండు మెట్లు దిగాలి.

గోదారి పోటు మీదున్నప్పుడు, ఏటి నీళ్ళు ఊళ్ళోకి ఎక్కకుండా కాలవ తలుపులు దించేస్తారు. ఊళ్ళో కురిసిన వాన ఊళ్ళోనే ఉండిపోతుంది. మా వీధిలో కురిసిందంతా పాపాయమ్మ ఇంట్లోకి పోయేది. భర్త పోయాక ఆమె దరియాలతిప్ప రేవులో చేపలు గంపకెత్తుకుని యానాం వీధుల్లో అమ్మేది. వానాకాలం వస్తే మంచం మీద పొయ్యి పెట్టుకుని వండుకునేది.

ఒక ఏడాది కరెంటు స్తంభం కోసం గొయ్యి తవ్వి వదిలేశారు. వాన నీళ్ళు అందులోకి పోయి గంటలో ఇంకిపోవడం ఆమె నిలబడి చూసింది. పైన బంకమన్ను, నడుం లోతున ఇసుక. ఆ వేసవి మధ్యాహ్నాలు, చేపల గంప ఖాళీ అయ్యాక, గునపం పట్టింది. ఇంటింటికీ వెళ్ళి అడిగి, ఏడు గేట్ల పక్కన ఏడు గుంటలు తవ్వింది. అడుగున ఇటుక ముక్కలు, ఇసుక వేసింది. ఒక్కో గుంటలో కానుగ మొక్క నాటింది. రోడ్డు అంచున సిమెంటు గట్టు పగలగొట్టి, నీళ్ళు లోపలికి రావడానికి బెత్తెడు నోరు వదిలింది.

రొయ్యల మేత కొట్టున్న సూర్యనారాయణగారు గేటు మీద చేతులు పెట్టుకుని, "ఎవరికే పాపాయమ్మా గొయ్యి?" అన్నారు.

"మీక్కాదులెండి. మీకైతే ఇది చాలదు కదండీ," అంది ఆమె తలెత్తకుండానే. వీధంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

నాలుగేళ్ళు ఆమె ఇంట్లోకి చుక్క నీరు రాలేదు. చెట్లు మేడల ఎత్తు పెరిగాయి. కార్లు వాటి కింద పెట్టుకున్నారు.

పోయిన వైశాఖంలో సూర్యనారాయణగారు గేటు ముందు టైల్స్ వేయించారు. చెట్టు మొదలు దాకా టైల్సే. గట్టుకి ఆమె వదిలిన నోటిలో ఇటుక పెట్టి సిమెంటు పూశారు. మేస్త్రీ ఎలాగూ వచ్చాడని అందరూ వేయించుకున్నారు. మా నాన్న కూడా. నేను కిటికీ దగ్గర మిషను కుడుతూ చూశాను.

సాయంత్రం పాపాయమ్మ గంపతోనే గేటు గేటుకీ తిరిగింది.

"ఒక్క ఇటుక తీయించండమ్మా."

"చెట్టుకి మేం నీళ్ళు పోస్తాంలే. నీ చెట్టు చావదు," అంది సూర్యనారాయణగారి భార్య సుబ్బలక్ష్మిగారు.

"చెట్టు గురించి కాదమ్మా. నా ఇల్లు."

"పల్లంలో కట్టుకుంటే మేమేం చేస్తాం?"

"పల్లంలో కట్టలేదమ్మా. మీ రోడ్డే లేచింది."

మా గేటు దగ్గరికి వచ్చినప్పుడు, లేనని చెప్పమని నాన్న నన్ను పంపారు. చెప్పాను. నాన్న చెప్పులు మెట్టు మీదే ఉన్నాయి. ఆమె వాటిని చూసింది.

"వచ్చాక చెప్పమ్మా," అని వెళ్ళిపోయింది.

శ్రావణంలో గోదారి పెరిగి, కాలవ తలుపులు దించిన రోజే వాన పట్టుకుంది. మధ్యాహ్నానికి పాపాయమ్మ ఇంట్లో మోకాలు దాటింది. ఆమె గునపం తీసుకుని సూర్యనారాయణగారి గేటు దగ్గరికి వచ్చింది. ఆయన కానుగ కింద గొడుగు పట్టుకుని నిలబడ్డారు.

"టైల్ పగిలిందంటే పోలీస్ స్టేషన్‌లో కూర్చుంటావ్."

"ఒక్క నోరండీ. తరవాత నేనే పూడుస్తాను."

"పడవ పంపనా పోనీ? నీకు అలవాటే కదా," అన్నారు ఆయన. ఈసారి కూడా వీధంతా నవ్వింది. ఎవరో ఆమె చేతిలో గునపం లాగేసుకున్నారు. మా నాన్న ఆ గుంపులోనే ఉన్నారు.

ఆ రాత్రి ఆమె ఇంటి వెనక గోడ నాని పడిపోయింది. మూడో రోజు దరియాలతిప్ప నుంచి ఆమె చెల్లెలు ఆటో తీసుకుని వచ్చింది. మంచం, గంప, రెండు బిందెలు ఎక్కించారు. పాపాయమ్మ ఎవరినీ తిట్టలేదు. తిడుతుందని అందరూ గుమ్మాల్లో నిలబడి ఎదురుచూశారు.

వారం తరవాత వీధి పెద్దలు మా అరుగు మీద కూర్చున్నారు. పాపాయమ్మ స్థలం మెరక చేయించి కార్లు పెట్టుకుందామని ఒకరన్నారు.

"మెరక చేస్తే నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఇటు నా ఇంట్లోకే కదా," అన్నారు నాన్న. "అలాగే ఉండనిద్దాం. ఎవరికీ అడ్డం లేదు."

అందరూ సరేనన్నారు.

మర్నాడు మళ్ళీ మబ్బు పట్టింది. నాన్న వెళ్ళి, పాపాయమ్మ తన గుమ్మానికి అడ్డంగా పేర్చుకున్న ఇసుక బస్తాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టారు, నీళ్ళు లోపలికి తొందరగా పోవడానికి.