కిలోంబావు దూది

ముందు నష్టాల పట్టిక చదివేస్తాను. నవ్వుకోవడం ఆ తర్వాత మీ ఇష్టం. మేలు రకం దూది కిలోంబావు. ఏసోబు గొంతు, మూడు రోజులు. మా మేనత్త హుస్సేనమ్మ ధైర్యం, అవే మూడు రోజులు. ఆమె చెవి కమ్మలు ఒక జత. మా ఆవిడ దగ్గర నాకున్న మర్యాద, ఉన్నంత. ఇదంతా నేను ఒక స్టూలు ఎక్కి దిగిన నాలుగు నిమిషాల్లో జరిగిపోయింది. నిమిషం లెక్కన చూస్తే ఇంత నష్టం తెచ్చినవాడు పొదిలిలో నాకు ముందు లేడు.

ఏడేళ్ల కిందటి మాట. అప్పటికే నాకు నలభై నిండాయి కాబట్టి కుర్రతనం అని తప్పించుకోవడానికీ లేదు.

మాది పరుపుల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, పక్కన సందులోకి చూసే వసారా. నా చదువు ఏడో తరగతితో ఆగింది గానీ లెక్కలు ఆగలేదు. మంచం చూస్తే దూది ఎంత పడుతుందో, మనిషిని చూస్తే ఆ పరుపు ఎన్నేళ్లు మన్నుతుందో చెప్పేవాణ్ణి. రోజూ సాయంత్రం ఆరింటికి కూర్చుని మర్నాటి కొలతలు రాసుకునేవాణ్ణి. సరిగ్గా ఆరింటికే ఏసోబు వచ్చేవాడు.

ఏసోబూ నేనూ బడిలో ఒకే బెంచీ. పగలు మిరప కోతలకు కూలీలను ఆటోలో తోలేవాడు. సాయంత్రం అదే ఆటో మా కొట్టు ఎదుట ఆపి, పైన బిగించిన లౌడుస్పీకరు గొట్టంలోంచి గంటసేపు దేవుడి మాటలు చెప్పేవాడు. మనిషి వెన్న. గొట్టం మాత్రం కాదు. అతను నోరు తెరిస్తే మా సూదుల డబ్బా బల్ల మీద దానంతటదే నడిచేది.

దేవుడి మాటల మీద నాకు పేచీ లేదు. పేచీ అంకెల మీద. నేను ‘వెడల్పు నాలుగు’ అనుకుంటుంటే గొట్టం ‘నలభై రోజులు’ అనేది. చెయ్యి నలభై రాసేది. నేను ‘ఎత్తు మూడు’ అనుకుంటే అది ‘పన్నెండు గంపలు’ అనేది. ఆ వారం ఒక కొత్త పెళ్లికొడుక్కి పన్నెండంగుళాల ఎత్తు దిండు వెళ్లింది. మూడోనాడు మెడ ఒక పక్కకు వాల్చుకుని వచ్చాడు.

“అన్నా, ఇది దిండా, దిమ్మా?”

ఇక లాభం లేదని శబ్దం కొలిచే యాప్ ఒకటి ఫోనులో దించాను. తొంభై డెసిబెల్స్ చూపించింది. అంకె దొరికిందంటే నాకు కొండంత బలం. నేరుగా స్టేషనుకి వెళ్లాను.

“ఇళ్ల మధ్య పగలు యాభై అయిదు దాటకూడదండి. రూలుంది,” అన్నాడు కానిస్టేబుల్.

“మా దగ్గర తొంభై. అంటే ముప్పై అయిదు ఎక్కువ.”

“కాయితం రాసివ్వండి. కింద పేరు, సంతకం.”

“పేరు లేకుండా కుదరదా?”

“పేరు లేకపోతే అది ఫిర్యాదు కాదండి, పుకారు.”

లేచి వచ్చేశాను. ఒకే బెంచీ మీద కూర్చున్నవాడి మీద కాయితం ఎలా పెట్టను? పైగా మస్తాన్ అనే నా చేత్తో ఏసోబు మీద కాయితం వెళ్తే, ఊళ్లో దానికి నేను రాయని అర్థాలు కూడా మొలుస్తాయి. పోనీ మొహం మీద చెబుదామంటే మొహమాటం. ఫిర్యాదు చెయ్యలేనివాడికీ అడగలేనివాడికీ మిగిలే దారి ఏమిటి? మిగతా కులవృత్తుల సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం దూది.

ఎంత దూది అన్నది తేల్చాలి కదా. మా ఆవిడ కరీమూన్‌ని పిలిచి, ఫోను దిండు కింద పెట్టి, “గట్టిగా అరువు,” అన్నాను.

“ఎందుకయ్యా?”

“కొలవాలి.”

“రోజూ అరవొద్దని మొత్తుకుంటావు. ఇయ్యాల ముహూర్తం పెట్టి అరవమంటన్నావా?”

“అదీ! అట్టా! ఆపమాక!”

పావుకిలో దూదికి ఏడు డెసిబెల్స్ తగ్గాయి. ఏడు అయిదులు ముప్పై అయిదు. అయిదు పావులు, అంటే కిలోంబావు. డెసిబెల్ అనేది కూడికలకూ తీసివేతలకూ లొంగే రకం కాదని చాలాకాలం తర్వాత తెలిసింది. అప్పటికి నాకు లొంగింది దూది ఒక్కటే.

సోమవారం మధ్యాహ్నం ఏసోబు ఆటో మా కొట్టు నీడలో పెట్టి అన్నానికి వెళ్లాడు. స్టూలు వేసి ఎక్కాను. పరుపుల్లో దూది కూరే కర్రతో గొట్టం లోపలికంటా దట్టించాను. పని సొగసు చూస్తే నాకే ముద్దొచ్చింది.

ఆరింటికి ఏసోబు మైకు అందుకున్నాడు. దుప్పటి ముసుగులో ఎవరో దగ్గుతున్నట్టు వినిపించింది. ఫోను చూశాను. యాభై నాలుగు! ఒక డెసిబెల్ మిగులు కూడా. ఆ సాయంత్రం తొమ్మిది పరుపుల కొలతలు ఒక్క తప్పు లేకుండా రాశాను.

మంగళవారం ఏసోబు మైకు మిషను విప్పి మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లాడు. గొట్టం మాత్రం ఆటోకే ఉంది. మెకానిక్ తన గొట్టం తగిలించి చూస్తే ఖంగున మోగిందట. “మిషను బ్రహ్మాండంగా ఉందన్నా,” అన్నాడట. మిషను బాగుంటే తప్పు తన గొంతుదేనని తేల్చుకుని, ఆ సాయంత్రమూ బుధవారమూ ఏసోబు నరాలు తేలేలా అరిచాడు. గురువారం పొద్దునకి గొంతు పూర్తిగా పోయింది.

అది నాకింకా తెలియదు. గురువారం సాయంత్రం ఆరు కావస్తుండగా లోపల్నించి కరీమూన్ కేక వేసింది.

“ఏమయ్యా, అత్త చూడు, కమ్మలు తీసేసింది!”

మా అత్త గురించి చెప్పాలి. అప్పటికి డెబ్బై ఏడేళ్లు. చెవుడు. చెవి మిషను కొనిస్తే, కూత పెడుతోందని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. మేమంతా ఆమెతో చేతి సైగలకు అలవాటు పడ్డాం. రోజూ ఆరింటికి వసారాలో కుర్చీ వేసుకుని ఎడమ పక్కకు తిరిగి కూర్చునేది. గాలికి అనుకునేవాణ్ణి. ఆ ఆదివారం కనిగిరిలో ఆమె మనవరాలి పెళ్లి. నాలుగు నెలలుగా రోజులు లెక్కపెడుతోంది.

ఆమె కమ్మలు కరీమూన్ చేతిలో పెట్టి, “పెళ్లికూతురికి ఇయ్యండి. వినపడని చెవులకు కమ్మలెందుకు? నేను కనిగిరి రాను,” అంది.

ఏమైందని చెయ్యి తిప్పాను.

“రోజూ ఏసోబు గొంతు వినపడేది. మాటలు తెలీవు. బండి గులకరాళ్ల మీద పోయినట్టు ఉండేది. అది వినపడితే ఇంకా ఎడమ చెవి ఉందిలే అనుకునేదాన్ని. మూడు రోజులబట్టి వాడు నోరు ఆడిస్తన్నాడు, చేతులూపుతన్నాడు, నాకు చీమ చిటుక్కుమన్నంత కూడా లేదు. పోయిందిరా మస్తానూ. నిఖాలో పిల్ల ‘ఒప్పుకున్నాను’ అంటే వినలేని ముసలిది అక్కడ కూర్చుని ఏం చేస్తది?”

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగాడంటారు. ఆ శంఖంలో దూది కుక్కిన మహానుభావుడి గురించి సామెతల్లో ఎక్కడా లేదు. ఆ స్థానం నా కోసం ఖాళీగా ఉంచినట్టున్నారు. ఆమెతో నోటితో మాట్లాడి ఎన్నాళ్లయిందని లెక్క వేయబోయాను. అంకె రాలేదు. అంకె రాకపోవడం నాకు అదే మొదలు.

గొట్టంలో దూది సంగతి కరీమూన్‌కి చెప్పేశాను. అంతా విని ఒకే ఒక్క మాట అంది. “ముందెళ్లి ఆ దూది తీసిరా.” ఎంత మెల్లగా అందంటే, కొలవడానికి ఫోను కూడా చాలదు.

ఏసోబు అప్పుడే ఆటో ఆపుతున్నాడు. కాళ్ల మీద పడ్డంత పని చేసి చెప్పేశాను. అతను గుసగుసగా అన్నాడు, అంతకు మించి గొంతు లేదు.

“ఒరేయ్, ఎక్కువైంది తగ్గించరా అంటే తగ్గించేవాణ్ణి కదరా! ఎవరూ ఒక్క మాటన్లా. అందరూ నవ్వుకుంటా పోతన్నారు. వినపడట్లేదేమోనని నేనే ఇంకాస్త పెంచతా వచ్చా.”

అడగందే అమ్మైనా పెట్టదు, ఏసోబైనా తగ్గించడు.

“ఇప్పుడు తగ్గించమాకరా! మొత్తం పెంచు. అత్తకి వినపడాలి.”

“నా గొంతు యాడుంది? నువ్వు కుక్కావుగా, నువ్వే మాట్లాడు.”

“నేనా? ఏం మాట్లాడను?”

“నీకేం వస్తే అది.”

స్టూలెక్కి దూది పీకాను. పీకేకొద్దీ వస్తోంది. సందులో జనం గుమిగూడారు. వసారాలోంచి అత్త కూడా కళ్లార్పకుండా చూస్తోంది. ఏసోబు మిషను మీద మీట చివరికంటా తిప్పి మైకు నా చేతిలో పెట్టాడు. నాకు బుర్రలో ఉన్నవి ఎక్కాలే.

“పదమూడు ఒకట్ల పదమూడు! పదమూడు రెళ్లు ఇరవై ఆరు!”

కాకులు లేచాయి. అత్త కదల్లేదు. ఇంకా గట్టిగా అందుకున్నాను. “పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది! పదమూడు ఏళ్లు తొంభై ఒకటి!”

అత్త ఎడమ చెవి మీద చెయ్యి వేసుకుంది. కుర్చీలోంచి లేచింది.

“మెల్లగా చెప్పరా సచ్చినోడా, చెవులు పోతాయి!”

ఆ తర్వాత కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే కరీమూన్ వైపు చెయ్యి చాపింది. “నా కమ్మలియ్యి.”

మా సందులో శబ్దం మీద పేరూ సంతకంతో స్టేషనుకి వెళ్లిన ఫిర్యాదు ఇప్పటికి ఒక్కటే. అది నా మీద. రాసింది మెడ వాలిన పెళ్లికొడుకు.

ఆదివారం అత్త కనిగిరి వచ్చింది. పెళ్లికూతురు ఒప్పుకున్నానని ఒకసారి ఖాజీకి చెప్పింది, ఇంకోసారి మా అత్త ఎడమ చెవిలో.

అప్పట్నించీ ఏసోబు యాభై అయిదు దాటలేదు. మైకు పట్టుకునే ముందు వసారా ఎక్కి, “పెద్దమ్మా, మొదలెడతన్నా!” అని ఆ చెవిలో అరిచి వెళ్తాడు. మరి నేను మింగిన మూడు సాయంత్రాల సంగతో? ఆమె వదల్లేదు. మూడు గంటలు, నూట ఎనభై నిమిషాలు. పది నిమిషాలకు ఒకటి చొప్పున పద్దెనిమిది పత్తి గింజలు ఓ డబ్బాలో వేసింది. నేను పక్కన కూర్చుని పది నిమిషాలు ఆ చెవిలో మాట్లాడితే ఒకటి తీసేస్తుంది. ఎగ్గొట్టిన రోజుకి ఒకటి వేస్తుంది. మొదట్లో నాలుగో నిమిషానికే మాటలు అయిపోయి ఎక్కాల్లోకి దిగేవాణ్ణి. ఇప్పుడు దిండ్లు, ధరలు, ఊరి కబుర్లు, అన్నీ చెబుతున్నాను.

ఒకసారి డబ్బాలో ఒక్క గింజే మిగిలింది. ఆ సాయంత్రం ఆమె దాన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. నేను చూసి, టీ తాగొస్తానని వెళ్లి గంట దాకా రాలేదు. వచ్చేసరికి, “ఎగ్గొట్టావు. ఇంకోటి ఏశా,” అంది, ముఖం వెలిగిపోతూ.

కాబట్టి కర్రా సూదీ సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: పరుపుకి, దిండుకి తప్ప మరే నోటికీ ఈ జన్మలో దూది పెట్టను. లెక్క మాత్రం ఇంకా తేలలేదు. నిన్న సాయంత్రానికి డబ్బాలో ఇరవై ఒక్క గింజలు. బాకీ రెండు వందల పది నిమిషాలు.