కండెలు అందని కంప్యూటర్

ఈ సంగతి రాసిపెట్టడానికి కారణం ఉంది. మా ఇంటి కంప్యూటర్ బాగుపడిన కథ మా గల్లీలో ఇప్పటికే మూడు రకాలుగా తిరుగుతోంది. ఒకదాంట్లో అదంతా నా భార్య తెలివి. ఇంకోదాంట్లో అంతా నిమ్మకాయ మహిమ. మూడోదాంట్లో నేను అసలు లేనే లేను. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే ఆ మూడోదే నిలబడిపోయేలా ఉంది.

రెండో కారణం గ్రంథాలయానికి సంబంధించినది. నేను పదో తరగతి దాటలేదు. సూరత్ వచ్చాక హిందీ, గుజరాతీ అక్షరాలు నేర్చుకున్నది మున్సిపల్ గ్రంథాలయంలో కూర్చునే. కంప్యూటర్ల గురించి అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను. ఒకదాంట్లో ఫ్లాపీని జాగ్రత్తగా దాచుకోవడం గురించి ఒక అధ్యాయమే ఉంది, దాన్నీ వదల్లేదు. కానీ ఒక మిల్లు కార్మికుడు, చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో, పాత కంప్యూటర్లో ఏది మార్చాలి, ఏది మార్చకుండా ఉంచాలి అని తేల్చుకున్న వైనం ఏ పుస్తకంలోనూ కనబడలేదు. కనబడనిది రాయాల్సిన బాధ్యత చదివినవాడిదే అనుకుంటాను.

నేను పాండేసరలో ఒక రంగుల మిల్లులో పనిచేస్తాను. తడిసిన గుడ్డను వేడిగాలితో ఆరబెట్టి, పన్నా, అంటే వెడల్పు, సరిచేసే పెద్ద యంత్రం ఉంటుంది. దాన్ని స్టెంటర్ అంటారు. గుడ్డ బయటికొచ్చే చివర నిలబడటం నా పని. నా భార్య చాలాకాలం ఇంట్లోనే దారాలు కత్తిరించేది. ఎంబ్రాయిడరీ అయిన చీరల వెనక వేలాడే దారాలను చిన్న కత్తెరతో ఒక్కొక్కటే తీసే పని అది. మెడ పట్టేసేది, కళ్ళు లాగేవి. దాంతో మా గల్లీ చివర నేర్పే పంచింగ్ క్లాసులో చేరింది. చీర అంచుకు కాగితం మీద గీసిన పువ్వును కంప్యూటర్లో కుట్లుగా మార్చడమే పంచింగ్. సూది ఎక్కడ దిగాలో, ఏ వైపు నుంచి తిరగాలో మనిషే చెప్పాలి. ఆ ఫైలు ప్రకారం యంత్రం కుడుతుంది. ఈ పని ఆమెకు చాలా తొందరగా పట్టుబడింది. మూసేసిన ఒక ఆఫీసు నుంచి పాత కంప్యూటర్ కొనుక్కుని ఇంట్లోనే సాధన చేసింది.

కిందటేడు పండుగల గిరాకీ మొదలవుతున్న రోజుల్లో, ఎంబ్రాయిడరీ యంత్రాలున్న ఒక శేఠ్ ఆమెకు పరీక్షగా ఒక చీర ఇచ్చాడు. కొంగు, అంచు, ఒంటి మీద బుటాల చిన్న పువ్వులు, మొత్తం పంచింగ్ చేసి శనివారం సాయంత్రానికి ఇవ్వాలి. యంత్రం మీద సరిగ్గా నడిస్తే ఇంటికే పని పంపుతానన్నాడు. ఆలస్యమైతే తన దగ్గర ఇంకో పదిమంది ఉన్నారని కూడా అన్నాడు. అంటే ఆమె మళ్ళీ కత్తెర పట్టుకోవాలి.

మా కంప్యూటర్ సంగతి చూస్తే, చిన్న బుటా దాకా బాగానే నడిచేది. కొంగు ఫైలు తెరవమంటే మాత్రం ఆమె వెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చేది. పప్పు మెత్తబడేది, ఫైలు తెరుచుకునేది కాదు. సేవ్ చేయమంటే తెర తెల్లబడి చాలాసేపు అలాగే ఉండిపోయేది.

పాత పుస్తకాలన్నీ వేగానికి మూలం ప్రాసెసరే అంటాయి. నేనూ అలాగే అనుకుని, ప్రాసెసర్ మార్చాలంటే బోర్డు మార్చాలి, బోర్డు మారితే ర్యామ్ మారాలి అని లెక్కవేసి దిగులుపడ్డాను. ఈ విషయం గ్రంథాలయంలో పరిచయమైన సారుతో చెప్పాను. ఆయన హజీరాలో ఇంజనీరు, ఉండేది అడాజన్‌లో, సొంతూరు గోదావరి వైపు. అక్కడున్న ఒకే ఒక్క తెలుగు అలమర దగ్గర ఒకే పుస్తకం మీద ఇద్దరం చెయ్యివేయడంతో మా స్నేహం మొదలైంది.

"ఏవండీ, మొత్తం మార్చేయండి. పాత బండికి ఎన్నని అతుకులేస్తారు?" అన్నారాయన. తర్వాత కాసేపు ఆలోచించి, "అలా కుదరకపోతే పవర్ సప్లై ఒక్కటైనా మార్చండి. అది పోతే ఒక్కటే పోదు, పక్కనున్నవాటిని కూడా వెంటబెట్టుకుపోద్ది" అన్నారు.

మొత్తం మార్చే స్తోమత మాకు లేదు. అందుకని ఇంటికొచ్చి మరోపని చేశాను. ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపే పట్టిక కంప్యూటర్లోనే ఉంటుందని ఒక కొత్త పుస్తకంలో చదివాను. ఆమె కొంగు ఫైలు తెరిచింది, నేను ఆ పట్టిక చూశాను. ప్రాసెసర్ సగం ఖాళీగా ఉంది. ర్యామ్ నిండిపోయింది. హార్డ్ డిస్క్ నూటికి నూరు దగ్గర అంటుకుపోయి కిందికి దిగడం లేదు. నేను పుస్తకంలో ఉన్నట్టే ఆమెకు వివరించబోయాను. డిస్కు నుంచి ర్యామ్‌లోకి, ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కి అని చెబుతూ ఉండగానే ఆమె నవ్వింది.

"ఇగో, గింతేనా? మగ్గం ఖాళీగున్నది, కండెలు అందుతలేవు. దీనికి మగ్గం మారుస్తనంటవేంది?"

ఆమె పుట్టిల్లు సిరిసిల్ల వైపు. చిన్నప్పుడు ఇంట్లో కండెలు చుట్టేది. మరమగ్గంలో అడ్డంగా పోయే దారాన్ని చుట్టే చిన్న కడ్డీలే కండెలు. మగ్గం ఎంత జోరుగా ఉన్నా, చుట్టేవాళ్ళు వెనకబడితే నిలబడిపోతుంది. నేను రెండు పుస్తకాలు చదివి తెలుసుకున్నది ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. పట్టిక చూడాలన్న ఆలోచన మాత్రం నాదే, ఇది నమోదు కావాలి.

కాబట్టి పాత డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డి అనే వేగమైన కొత్తరకం డిస్కు, ఇంకొంచెం ర్యామ్, ఈ రెండే కొనాలని నిర్ణయించుకున్నాం. పవర్ సప్లైకి డబ్బు మిగల్లేదు. సారు మాట గుర్తుంది కానీ పక్కకు పెట్టాం.

మర్నాడు రింగ్ రోడ్ వైపు, కంప్యూటర్ సామాన్లు అమ్మే ఒక కాంప్లెక్సుకు వెళ్ళాం. మా పాత డిస్కును సంచిలో వేసుకుని, ర్యామ్ ముక్కను రుమాలులో చుట్టి తీసుకెళ్ళాను. చీరకు జాకెట్ గుడ్డ వెతికేటప్పుడు కొంగు పట్టుకుపోతాం కదా, ఇదీ అంతే. ర్యామ్‌లో తరాలున్నాయి. అడుగున గాడి ఒక్కో తరానికి ఒక్కోచోట ఉంటుంది. ఒకదాని చోట ఇంకోటి దిగదు. దుకాణదారు ముందు ఇచ్చింది కొత్త తరంది. రెండూ పక్కపక్కన పెట్టి గాడి చూపించాను. అతను నా ముఖం చూసి, భాయ్ ఏ కంపెనీలో ఇంజనీరు అని హిందీలో అడిగాడు. మిల్లులో అన్నాను. ఆ ప్రశ్న వల్ల కలిగిన సంతోషం వారం దాకా ఉంది.

ఆ సంతోషమే కొంప ముంచబోయింది. అతను వెంటనే అద్దాల అర నుంచి ఒక గ్రాఫిక్స్ కార్డు తీశాడు. రెండు ఫ్యాన్లు, చుట్టూ రంగులు మారే దీపాలు. డిజైన్ పని చేసేవాళ్ళంతా ఇదే తీసుకుంటారన్నాడు. ఇంజనీరనిపించుకున్నవాడు కాదనడం కష్టం. వాడినది, తక్కువకే ఇస్తానన్నాడు. ఆ డబ్బు దీనికే పెడదామని నేను మెల్లగా ర్యామ్ పక్కకు జరుపుతున్నాను. అప్పుడు నా భార్య ఆ కార్డును రెండు చేతులతో తీసుకుని, చీర బరువు చూసినట్టు పైకీ కిందికీ ఆడించింది.

"మాల్ మంచిగనే ఉన్నది భాయ్‌సాబ్. దీంతోని నా ఫైలు జల్ది తెరుసుకుంటదా?" అని హిందీలోనే సూటిగా అడిగింది.

అతను అబద్ధం చెప్పే మనిషి కాదు. తల గోక్కుని, "ఫైలు కాదు బెహన్, గేములు బాగా ఆడతాయి" అన్నాడు.

"మా ఇంట్ల గేములు ఆడేటోడు ఈయనొక్కడే," అంది ఆమె తెలుగులో నాకు మాత్రమే వినబడేలా, "అవి కూడ పుస్తకంల సదివి ఆడుతడు."

కార్డు అరలోకి వెళ్ళిపోయింది. అతను మా పాత డిస్కులోని సరుకంతా ఎస్ఎస్‌డిలోకి ఎక్కించి ఇచ్చాడు.

ఇంటికొచ్చి నేనే బిగించాను. ర్యామ్ పట్టుకునే ముందు ఒంటి మీది విద్యుత్తు పోవడానికి ఇనుము ముట్టుకోవాలని చదివాను కనుక కిటికీ ఊచ ముట్టుకున్నాను. ఆమె కూడా ముట్టుకుంది, ఎందుకైనా మంచిదని. మీట నొక్కగానే తెర వచ్చింది. కొంగు ఫైలు తెరిస్తే, ఆమె వంటింటి వైపు అడుగు వేసేలోపు తెరుచుకుంది. ఆమె వెనక్కి వచ్చి, మూసి మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూసి తెరిచింది. నమ్మకం కుదిరాక పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టింది.

ఇక పక్కింటి అక్క విషయానికి వస్తాను. ఆమె మాకన్నా పెద్దది, జగిత్యాల దగ్గరి మనిషి, కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతుంది. సూరత్‌లో గుడ్డకు కరువు లేదు. మార్కెట్ల నుంచి మిగిలిన కట్‌పీసులు ప్రతి ఇంటికీ ఏదో ఒక దారిన చేరతాయి. అందుకే మా గల్లీలో కవరు లేని వస్తువు లేదు. ఫ్రిజ్‌కు కవరు, మిక్సీకి కవరు, టీవీకి కవరు, కవరు మాసిపోకుండా దాని మీద ఇంకో గుడ్డ. కొత్త సామాను బిగించారని వినగానే అక్క కొలతలు తీసుకుపోయి, సాయంత్రానికి మందపాటి పాలిస్టర్ కవరు కుట్టి తెచ్చింది. నెమలి రంగు, అంచుకు లేసు, వెనక వైర్లకు మాత్రం చిన్న చీలిక. మాకు ముద్దొచ్చింది. తొడిగేశాం.

మర్నాడు శుక్రవారం. నేను మిల్లు నుంచి వచ్చేసరికి ఆమె కంప్యూటర్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తెర నల్లగా ఉంది. పొద్దుటి నుంచి ఆగి ఆగి చస్తోందట. వేస్తే వస్తుంది, పని ఊపందుకోగానే ఠప్పున ఆరిపోతుంది. అంచు అయింది, బుటాలు అయ్యాయి. కొంగు సగంలో ఉంది.

"రేపు ఇయ్యకుంటే ఆయన ఇగ పిలువడు," అంది. గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టమనిపించింది.

పవర్ సప్లై అన్నాను. సారుకు ఫోన్ చేస్తే ఆయనా అదే అన్నారు. పైగా, "నేను ముందే చెప్పానాండీ లేదా?" అన్నారు. దుకాణం మూసేలోపు ఏదో ఒకటి తేవాలి. వాళ్ళకు చూపిద్దామని కంప్యూటర్ డబ్బానే తీసుకెళ్ళబోయి, ముందు కవరు లాగాను.

గుడ్డ నా చేతిలో వేడిగా ఉంది. ఆ వేడి, ఆ వాసన నాకు రోజూ తెలిసినవే. స్టెంటర్ నుంచి బయటికొచ్చిన పాలిస్టర్ సరిగ్గా అలాగే ఉంటుంది. మిల్లులో గాలి దారిలో నూగు పేరుకుంటే పెట్టె లోపల వేడి పెరిగిపోతుందని, గాలిని వడకట్టే జాలీలు దులపమని పక్కవాళ్ళకు చెప్పేవాణ్ణి నేనే. ఇంట్లో మాత్రం గాలి దారినంతా లేసుతో సహా మూసేసి, మురిసిపోయాం.

డబ్బాను అక్కడే దించాను. పక్క తెరిచి దులిపాను, బల్ల అంచుకు జరిపాను, టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పాను. ఆమె మీట వేసి కూర్చుంది. నేను ఆమె వెనక నిలబడ్డాను. కొంగులో ఒక పువ్వు అయింది, రెండో పువ్వు అయింది. డబ్బా మీద చెయ్యి పెట్టి చూస్తే చల్లగానే ఉంది.

"ఇగ పో, నీడ పడుతున్నది," అంది ఆమె తెర వైపే చూస్తూ. బాగయిందని నాకు అప్పుడు అర్థమైంది.

అక్కకు ఎలా చెప్పాలన్నది ఇంకో సమస్య. దాన్నీ నా భార్యే చూసుకుంది. "అక్కా, కవరు మంచిగున్నది, గని దానికి జర ఊపిరాడాలె. కిటికీలు పెట్టి కుట్టరాదు?" అందట. అక్క నొచ్చుకోలేదు. "ముందుగాల చెప్తే దర్వాజా గూడ పెడుదును గద," అని, మూడు వైపులా కత్తిరించి నెట్ గుడ్డ వేసింది. ఇప్పుడది దోమతెరలో పడుకున్న పెళ్ళికొడుకులా ఉంటుంది. కంప్యూటర్ పని చేస్తున్నంతసేపు మాత్రం తొడగం.

శనివారం సాయంత్రం నేనూ ఆమెతో శేఠ్ యూనిట్‌కు వెళ్ళాను. ఫైలు యంత్రానికి ఎక్కించారు. వరసగా ఉన్న సూదులన్నీ ఒకేసారి దిగి, ఒకే పువ్వును పొడవునా కుట్టుకుంటూ పోయాయి. ఆమె నా మోచేతి దగ్గర చొక్కా పట్టుకుని ఉంది. శేఠ్ గుడ్డ తిరగేసి, వెనకవైపు బొటనవేలితో రుద్ది చూశాడు. ఆపరేటర్ వైపు తిరిగి, దారం తెగిందా అని అడిగాడు. లేదన్నాడతను. శేఠ్ మెచ్చుకోలేదు, నవ్వలేదు. బల్ల సొరుగు లాగి, ఇంకో కొంగు డ్రాయింగ్ తీసి ఆమె చేతికిచ్చి, బుధవారం అన్నాడు.

చివరగా నేను కృతజ్ఞతలు చెప్పుకోవాలి. వీళ్ళెవరికీ తమ పేరు కాగితం మీద చూసుకోవాలని లేదు, నేను వరసలతోనే పిలుస్తాను. దీపాల కార్డు గురించి నిజం చెప్పిన దుకాణం భాయ్‌కి, పవర్ సప్లై విషయంలో ఇప్పటికీ తనదే రైటని వాదిస్తున్న అడాజన్ సారుకి, కోపగించుకోకుండా కిటికీలు కుట్టిన పక్కింటి అక్కకి, పుస్తకాలు ఆలస్యంగా తెచ్చినా చూడనట్టు ఊరుకునే, గ్రంథాలయంలో మేమంతా మాసి అని పిలిచే పిన్నికి. అందరికన్నా ఎక్కువగా నా భార్యకి. బాగుపడిన కంప్యూటర్లో హాయిగా కూర్చుని రాసుకోవచ్చనుకున్నాను, కానీ పొద్దున లేచింది మొదలు అది ఆమె చేతిలోనే ఉంటోంది. అందుకే ఇదంతా గ్రంథాలయం బల్ల మీద, పెన్నుతోనే రాయాల్సి వచ్చింది.