దగ్గమని అడగలేదు

పదిహేనేళ్లుగా శవాల పక్కన నిలబడి జీతం తీసుకుంటున్నదాన్ని. నెల్లూరులో ఒక మెడికల్ కాలేజీలో అనాటమీ ట్యూటర్ని. దయ్యాలే ఉంటే ముందు నాకు కనపడాలి కదా అని ఇంట్లోవాళ్లను ఆటపట్టించేదాన్ని. ఇప్పుడూ దయ్యాలున్నాయని అనను. ఆ రోజు నా వేలికి తగిలిందేమిటో మాత్రం నాకు తెలియదు.

మాది మైపాడు. నాయన అలివి వల లాగేవాడు. పడవలో వెళ్లి సముద్రంలో వల వేసొచ్చాక, రెండు కొసలకూ ఉన్న తాళ్లను ఒడ్డునుంచి మనుషులు లాగుతారు. తాడు నడుముకు తగిలించుకుని వెనక్కి నడవాలి. బరువంతా పొట్ట మీద పడుతుంది.

ఏడేళ్ల కిందట, ఎండాకాలంలో ఇంటికి వెళ్లాను. నాయన వల బాగుచేసుకుంటూ, "పాపా, పొట్టలో కండలు ఎట్టుంటాయి? చెప్పు" అన్నాడు. నా చదువు గురించి ఎప్పుడూ అడగని మనిషి. నాకు హుషారొచ్చింది. పక్కలకు మూడు పొరలుంటాయని, ఒకదాని పోగులు ఇటు వాలితే రెండోదానివి అటు వాలుతాయని, మూడోది అడ్డంగా నడికట్టులా ఉంటుందని చెప్పాను.

"గజ్జల కాడ?" అన్నాడు.

అక్కడ పొరల మధ్య సన్నటి దారి ఉంటుందని, ఆ చోట కండ వదులైతే పేగు తోసుకొస్తుందని, దాన్నే హెర్నియా అంటారని చెప్పాను. వేలు పెట్టి దగ్గమంటే తెలిసిపోతుందనీ, పేగు ఇరుక్కుంటే మనిషే పోతాడనీ పాఠం అప్పజెప్పినట్టు చెప్పేశాను.

"ఆపరేషన్ చేయించుకుంటే మళ్లీ వల లాగొచ్చా?"

"కొన్నాళ్లు బరువు ముట్టకూడదు నాయనా."

నాయన వల పక్కన పెట్టాడు. నడుముకు బిగించుకున్న తువ్వాలు సర్దుకున్నాడు. ముడి కుడివైపు, బాగా కిందికి ఉంది. అలా ఎందుకు కట్టావని నేను అడగలేదు. కూతురికి చూపించడానికి ఆయనకు సిగ్గు. ఆ జబ్బు ఆయనకే ఉందేమోనన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలకు, ఒక ఉదయం డిసెక్షన్ హాల్లో పొట్ట గోడ పాఠం. బల్ల మీద ఒక పెద్దాయన శవం. ఏడాదికి పైగా ఫార్మలిన్‌లో ఉండి చెక్కలా బిగుసుకుపోయింది. కుడివైపు గజ్జల్లోని దారిలో వేలు పెట్టిన అమ్మాయి, "లోపల్నించి ఏదో తోస్తోంది మేడమ్" అంది. పరాచికాలొద్దని కసిరి, నేను వేలు పెట్టాను.

తోసింది. రోగిని దగ్గమన్నప్పుడు వేలికి ఎలా తగులుతుందో అలాగే. రెండోసారి. మూడోసారి. బల్లను ఎవరూ ముట్టుకోలేదు. గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. బల్ల కదిలిందని పిల్లలకు అబద్ధం చెప్పాను.

క్లాసు అయ్యాక ఫోన్ తీస్తే, నాయనతో పాటు వల లాగే మా మామ చేసిన కాల్స్ తొమ్మిది. మొదటిది పదకొండూ ఇరవైరెండుకి. తిరిగి నేను చేస్తే, "మీ నాయన తాడు లాగతా లాగతా మూడు తూర్లు దగ్గినాడు. పొట్ట పట్టుకొని ఇసకలో కూలబడినాడు" అన్నాడు.

సాయంత్రానికి ఆసుపత్రిలో పోయాడు. పేగు ఇరుక్కుని రెండు రోజులైందట. తువ్వాలు ఇంకాస్త బిగించి పనికి పోయాడు. "ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని డాక్టరు అడిగాడు. నేనేం ఉద్యోగం చేస్తానో ఆయనకు చెప్పలేకపోయాను.

నా భ్రమ అనుకుందామంటే, ఆ అమ్మాయి వేలికీ తగిలింది. ఇప్పుడామె డాక్టరు. మొన్న అడిగితే అవునంది. అంతకుమించి మా ఇద్దరికీ ఏమీ తెలియదు.

ప్రతి ఏడూ ఆ పాఠానికి పిల్లలకంటే ముందు నేనే వేలు పెట్టి కాసేపు ఆగుతాను. ఏమీ ఉండదు. ఊరికి వెళ్లినప్పుడు వల లాగేవాళ్లను ఒక్కొక్కరినీ ఆపి, "ఒకసారి దగ్గు మామా" అంటాను. నవ్వుతారు, కానీ దగ్గుతారు. నాయన కూడా, అడిగుంటే, దగ్గేవాడే.